స్పీడ్ గన్ చలానాను ఎదిరించిన లారీ డ్రైవర్: ఒక కేసు పూర్తి వివరాలు

కోర్టుకు వచ్చే ట్రాఫిక్ కేసుల్లో చాలావరకు "ఒప్పుకుంటున్నాను సార్" అన్న ఒక్క మాటతో ముగిసిపోతాయి. జరిమానా కంటే లాయరు ఫీజు ఎక్కువ, ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది, కాబట్టి ఎవరూ వాదించరు. ఈ కేసులో మాత్రం వాదించక తప్పలేదు. మొదట చేసిన ప్రయత్నాలన్నీ కేసును ముందే ముగించేందుకో, డ్రైవరు అంత స్పీడు పోలేదని చూపించేందుకో, వాటిలో ఏదీ నిలబడలేదు. పోలీసులు చూపించిన కొలత అసలు ఈ బండిదేనా అని అడగడం మొదలుపెట్టాకే దారి కనిపించింది. జూనియర్ లాయర్లకూ, లైసెన్సు మీద బతికే డ్రైవర్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. మనుషుల్ని, ఊరిని, బండిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

నా కక్షిదారు నలభై దాటిన లారీ డ్రైవరు. సొంత బండి లేదు, ఒక ఓనరు దగ్గర నెల జీతానికి నడుపుతాడు. 2022లో ఒక రోజు తెలుగు రాష్ట్రాల్లోని నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద పోలీసులు లేజర్ స్పీడ్ గన్‌తో తనిఖీ చేస్తున్నారు. లారీని ఎవరూ ఆపలేదు. గంటకు 97 కిలోమీటర్లు అని చలానా తయారైంది. సరుకు రవాణా వాహనాలకు అలాంటి రోడ్డు మీద కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం 80.

చలానా మెసేజ్ ఓనరుకు రాలేదు. రిజిస్ట్రేషన్ రికార్డులో ఉన్నది బండి కొన్నప్పుడు పని చేసిపెట్టిన ఏజెంటు నంబరు. చాలా బండ్లకు ఇదే పరిస్థితి. దాదాపు రెండు నెలల తర్వాత ఫిట్‌నెస్ పని మీద చూసుకుంటే చలానా బయటపడింది. ఓనరు తన ఫోన్‌లోని జీపీఎస్ యాప్ స్క్రీన్‌షాట్ జత చేసి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఫొటో స్పష్టంగా ఉందంటూ దాన్ని తిరస్కరించారు. ఆ తర్వాత డబ్బు కట్టబోతే, కేసు కోర్టుకు పంపినట్టు చూపించింది. ఆ రోజు బండి ఎవరు నడిపారని పోలీసులు అడిగితే ఓనరు డ్రైవరు పేరు, లైసెన్సు కాపీ ఇచ్చాడు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం ఆ వివరం ఇవ్వక తప్పదు కూడా.

సంఘటన జరిగిన ఎనిమిదో నెలలో పోలీసులు మెజిస్ట్రేట్ కోర్టులో కేసు వేశారు. సెక్షన్లు రెండు. ఒకటి 183, అతివేగం. రెండోది 184, ప్రమాదకరంగా నడపడం. సమన్లు నేరుగా డ్రైవరు ఇంటికి వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేసరికి అతను బాగా టెన్షన్‌లో ఉన్నాడు.

జరిమానా చిన్నదే, మరి భయం ఎందుకు?

183 కింద భారీ వాహనానికి జరిమానా 2,000 నుంచి 4,000 రూపాయలు. 184 కింద మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఆచరణలో ఇలాంటి కేసులో జైలు పడటం అరుదు. "ఒప్పేసుకో, ఐదారు వేలతో పోతుంది" అని కోర్టు వరండాలో అందరూ అతనికి చెప్పింది అందుకే.

నన్ను ఆపింది ఇంకో విషయం. అంతకుముందు అదే లారీ మీద ఒక స్పీడు చలానా ఉంటే ఓనరు ఆన్‌లైన్‌లో కట్టేసి, ఆ డబ్బు డ్రైవరు జీతంలో కోసుకున్నాడు. దానితో ఆ గొడవ ముగిసిందని ఇద్దరూ అనుకున్నారు. 2019 సవరణ తర్వాత అలా ముగియదు. 200వ సెక్షన్ ప్రకారం డబ్బు కట్టి రాజీ చేసుకున్నా, రెండోసారి నేరమా కాదా అని లెక్కించేటప్పుడు దాన్ని మొదటి నేరంగానే చూస్తారు. భారీ వాహనంతో రెండోసారి అతివేగం అయితే 206(4) కింద లైసెన్సు స్వాధీనం చేసుకోవాలని 183 చెబుతుంది.

ఆ పాత చలానా రోజు బండి నడిపింది ఎవరని వాదించుకోవచ్చు, నిజమే. కానీ లైసెన్సు చేజారిన తర్వాత రవాణా శాఖ ఆఫీసులో నిలబడి ఆ వాదన చేయాలి. అన్నాళ్లూ అతనికి జీతం ఉండదు. ఈ లెక్క వివరంగా చెప్పాక, వాదిద్దామని అతనే నిర్ణయించుకున్నాడు.

వకాల్తా ఎవరిది?

ఫీజు ఇస్తానన్నది ఓనరు. వీలైనంత త్వరగా కట్టేసి బండి మీద పెండింగ్ లేకుండా చేసుకోవాలన్నది అతని కోరిక. డ్రైవరుకు కావలసింది లైసెన్సు. ఈ రెండూ ఒకటి కాదు. పైగా లారీకి 80 దగ్గర సెట్ చేసిన స్పీడ్ గవర్నర్ (ఆ వేగం దాటనివ్వని పరికరం) ఉండాలి. బండి 97 పోయిందని తేలితే, గవర్నర్ ఏమైందన్న ప్రశ్న ఓనరు మీదికి వస్తుంది. అందుకని వకాల్తా డ్రైవరు నుంచి మాత్రమే తీసుకున్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, నేను పనిచేసేది ఎవరి కోసమో ముందే చెప్పాను. ఈ రెండు ప్రయోజనాల తేడా ఈ కేసులో తర్వాత చాలా నిర్ణయాలను మార్చింది.

పనికిరాని దారులు

మొదటిది లోక్ అదాలత్. రాజీకి వీలులేని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు. 184లో పోలీసులు రాజీ చేయగలిగింది డ్రైవింగ్‌లో చేతిలో ఫోన్ పట్టుకుని వాడిన సందర్భం వరకే, ఇలాంటి ఆరోపణకు ఆ వీలు లేదు. "183 ఒప్పుకోండి, 184 సంగతి చూద్దాం" అన్న సూచన కూడా వచ్చింది. లైసెన్సును ముంచేది 183 ఒప్పుకోలే కాబట్టి దానికి మేం సరేననలేదు.

రెండోది కాలపరిమితి. ఇది గట్టి పాయింటు అనిపించింది. జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలల్లోపు కేసు వేయాలి. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 468వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 514. మా కేసు వేసింది ఎనిమిదో నెలలో. అయితే కలిపి విచారించే నేరాల్లో ఏది పెద్ద శిక్షదో దాని కాలపరిమితే అన్నిటికీ వర్తిస్తుందని 468(3) అంటుంది. 184కు ఏడాది వరకు జైలు ఉంది కాబట్టి పరిమితి ఏడాది. అంటే పక్కన 184 ఉండటం వల్లే 183 బతికింది. పిటిషన్ కొట్టేశారు. ఆ ఆర్డర్ చట్టప్రకారం సరైనదే. అయినా పిటిషన్ వేసినందుకు నష్టం లేదు. 184కు తగ్గ ఆధారం ఈ కేసులో ఏముందన్న ప్రశ్న మెజిస్ట్రేట్ ముందు మొదటి నుంచే ఉండిపోయింది.

మూడోది ఫాస్టాగ్. రెండు టోల్ ప్లాజాల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే వేగం తక్కువే వస్తోందని ఓనరు లెక్కేసి తెచ్చాడు. అది సగటు వేగం. మధ్యలో టీకి ఆగినా సగటు పడిపోతుంది. ఫలానా నిమిషంలో బండి ఎంత వేగంతో ఉందో అది చెప్పదు. దాఖలు చేయలేదు.

నాలుగోది, అందరూ బలమైనదని నమ్మింది, జీపీఎస్ రికార్డు. సర్వీసు ఇచ్చే సంస్థ నుంచి ఆ రోజు మొత్తం రికార్డు తెప్పించి చూశాను. పోలీసులు చెప్పిన చోటికి దగ్గర్లో రికార్డయిన వేగం 80 లోపే ఉంది. కానీ అదే రోజు మరో చోట 83 అని ఉంది. జీపీఎస్‌లో చిన్న తేడా రావచ్చు. అయినా ఆ ఒక్క అంకె కోర్టు చేతికి వెళితే, గవర్నర్ సరిగా పనిచేస్తోందా అన్నదే కేసు అయిపోతుంది. పైగా రికార్డు కొన్ని సెకన్లకు ఒకసారి మాత్రమే నమోదవుతుంది. ఆ మధ్యలో ఏమైందో చెప్పలేదు.

దీని మీద చాలాసేపు ఆలోచించాను. కక్షిదారును నేరుగా అడిగాను. "ఆ రోజు అంత స్పీడు పోయారా?" "నెలలు దాటిపోయింది సార్, రోజూ తిరిగే రోడ్డే, గుర్తులేదు. లోడుతో అంత పోదు అనుకుంటా." నిజాయితీగా చెప్పిన జవాబు అది. ఆ జవాబు మీద "నా కక్షిదారు ఎప్పుడూ 80 దాటలేదు" అని నిలబడి చెప్పడం నాకు సమ్మతం కాదు. జీపీఎస్ దాఖలు చేయకూడదని, గవర్నర్ మాట ఎత్తకూడదని, డ్రైవరును బోనెక్కించకూడదని అప్పుడే నిర్ణయించాను. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. వాళ్ల రుజువు సరిపోతుందా అని పరీక్షించడం ఒక్కటే మా పని.

కాగితాలు అడగడం

మొదటి వాయిదాలో నేరారోపణ చదివి వినిపించినప్పుడు ఒప్పుకోలేదు. ప్రతి వాయిదాకు డ్రైవరు రాకుండా హాజరు మినహాయింపు పిటిషన్ వేస్తే కోర్టు అనుమతించింది. అది లేకపోతే ఏ డ్రైవరూ ఇలాంటి కేసు చివరిదాకా నడపలేడు. జీతం పోతుంటే మూడో వాయిదాకే విసిగిపోయి ఒప్పేసుకుంటారు.

వెంటనే పత్రాలు తెప్పించమని సీఆర్‌పీసీ 91వ సెక్షన్ కింద పిటిషన్ వేశాను. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 94. ఏమేం అడగాలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి వచ్చిన 167ఏ నిబంధనే చెబుతుంది. స్పీడ్ గన్‌తో సహా ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటికీ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోద ధ్రువపత్రం ఉండాలి, ఏటా రెన్యువల్ చేయించాలి. చలానాతో పాటు నేరాన్ని, నంబరు ప్లేటును స్పష్టంగా చూపే ఫొటో, పరికరం కొలత, తేదీ, సమయం, స్థలం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టం కింద కావలసిన 65బీ సర్టిఫికెట్ ఉండాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. చలానా పరిష్కారమయ్యే దాకా ఆ రికార్డును భద్రపరచాలి.

నేను అడిగినవి ఇవి: ఫొటో అసలు డిజిటల్ ఫైలు, దానికి ముందూ వెనకా ఫ్రేములు, నేరం రోజుకు అమల్లో ఉన్న ధ్రువపత్రం, 65బీ సర్టిఫికెట్, నోటీసు పోస్టులో పంపిన రసీదు.

వచ్చినవాటిలో రెండు కేసునే మార్చేశాయి. ధ్రువపత్రం గడువు నేరం తేదీకి కొన్ని వారాల ముందే ముగిసింది, తర్వాతి ధ్రువపత్రం తేదీ నేరం తర్వాతది. రెండోది ఫొటో. చలానాలో కనిపించిన ఫొటోలో లారీ ఒక్కటే దగ్గరగా, నంబరు ప్లేటుతో ఉంది. 97 అన్న అంకె నమోదైన అసలు ఫ్రేము వేరు. అందులో లారీ ఎడమ లేన్‌లో దూరంగా ఉంది, కుడి లేన్‌లో దాన్ని దాటుతూ ఒక కారు ఉంది. 65బీ సర్టిఫికెట్, పోస్టు రసీదు రాలేదు.

ఆ ఫ్రేము మీద దూరం 310 మీటర్లు అని ఉంది. లేజర్ కిరణం దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. చాలా లేజర్ గన్‌లలో ఆ విస్తరణ దాదాపు 3 మిల్లీరేడియన్లు (వెయ్యి మీటర్ల దూరంలో 3 మీటర్ల వెడల్పు), అంటే 310 మీటర్ల దగ్గర కిరణం వెడల్పు సుమారు 90 సెంటీమీటర్లు. హైవే లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంత దూరంలో గురి ఒక లేన్ నుంచి పక్క లేన్‌కు మారడానికి చెయ్యి అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ కదిలితే చాలు. స్టాండు మీద పెట్టి కొలిస్తే ఇది పెద్ద సమస్య కాదు. చేత్తో పట్టుకుంటే సమస్యే. ప్రాసిక్యూషన్ ఇచ్చిన ప్రింటు నలుపు తెలుపులో ఉంది, గురి గుర్తు ఏ బండి మీద ఉందో అందులో తెలియదు. అసలు ఫైలును కోర్టులో పెద్దది చేసి చూసినా ఆ గుర్తు రెండు బండ్లకూ మధ్యలో కనిపించింది.

క్రాస్

క్రాస్ అంటే ఎదుటి పక్షం సాక్షిని మనం ప్రశ్నించడం. సాక్షి ఒక్కరే, గన్ పట్టుకున్న అధికారి. మర్యాదగా మాట్లాడే మనిషి, తన డ్యూటీ తాను చేశాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని సూచించే ప్రశ్న ఒక్కటీ వేయలేదు. అలా చేస్తే మెజిస్ట్రేట్ సానుభూతి ఆయన వైపు వెళుతుంది, వెళ్లాలి కూడా.

గన్ చేత్తో పట్టుకున్నారా, స్టాండు మీదా? చేత్తోనే. ఆ రోజు మొత్తం మీద చాలా బండ్లు కొలిచారా? అవును. ఈ లారీ విడిగా గుర్తుందా? లేదు, రికార్డు చూసే చెబుతున్నాను. ఆ ఫ్రేములో ఇంకో వాహనం ఉందా? ఉంది. నేరం రోజుకు అమల్లో ఉన్న ధ్రువపత్రం ఇదేనా? గడువు అయిపోయింది, రెన్యువల్ ప్రాసెస్‌లో ఉంది. లారీని ఆపి, మీ మీద కేసు పెట్టవచ్చని హెచ్చరించారా? లేదు. ఆ సమయంలో రోడ్డు మీద రద్దీ ఉందా? మామూలుగానే ఉంది. లారీ వల్ల ఎవరైనా పక్కకు తప్పుకోవలసి వచ్చిందా? అలాంటిది ఏమీ చూడలేదు.

అక్కడితో ఆపేశాను. "ఆ 97 కారు వేగం అయి ఉండొచ్చు కదా" అని అడగాలనిపిస్తుంది. అడిగితే "లేదు, నేను లారీకే గురిపెట్టాను" అన్న జవాబు రికార్డులోకి వస్తుంది. అప్పటిదాకా ఆయన ఆ మాట అనలేదు. దాన్ని వాదనలకు దాచుకున్నాను.

వాదనలు, తీర్పు

వాదనల్లో మెజిస్ట్రేట్ సూటిగా అడిగారు. 97 కారుదే అయితే, కారుకు చలానా వేయకుండా లారీకి ఎందుకు వేస్తారు? దీనికి జవాబు వేగ పరిమితిలోనే ఉంది. అదే రోడ్డు మీద కార్లకు కేంద్రం పెట్టిన పరిమితి 100. 97 దగ్గర కారుది నేరమే కాదు. తెర మీద 97 కనిపిస్తే, పక్కపక్కన ఉన్న రెండు బండ్లలో చలానా వేయడానికి వీలైంది లారీ ఒక్కటే. కావాలని చేశారని మేం అనలేదు. ఎలా జరిగి ఉండవచ్చో చెప్పాం.

తర్వాతి మెట్టు 183(3). ఫలానా బండి అతివేగంగా వెళ్లిందని ఒక్క సాక్షి అభిప్రాయం చెబితే, ఆ అభిప్రాయానికి యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం కొలత ఆధారంగా లేనప్పుడు, దాని మీద మాత్రమే శిక్ష వేయకూడదు. అంటే పరికరం సాక్ష్యం పడిపోతే, అధికారి కంటితో చూశానన్నది దాని స్థానంలోకి రాలేదు. మా వాదన మొత్తం ఈ గొలుసే. ధ్రువపత్రం గడువు తీరింది, 65బీ సర్టిఫికెట్ లేదు, కొలత ఏ బండిదో ఫ్రేము చెప్పడం లేదు, సాక్షికి గుర్తులేదు. 65బీ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టంగా చెప్పింది.

184 విషయంలో కర్ణాటక రాష్ట్రం వర్సెస్ సతీశ్ కేసులో 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించాం. ఎక్కువ వేగం ఉన్నంత మాత్రాన అది నిర్లక్ష్యమో, దుందుడుకుతనమో అయిపోదని ఆ తీర్పు చెబుతుంది. అది ఐపీసీ సెక్షన్ల కేసు, 184ది కాదు. ఆ తేడాను మేమే ముందు చెప్పాం. ఎదుటివాళ్లు చూపించేదాకా ఆగితే మిగతా వాదన మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

చివరిగా మోటారు వాహనాల చట్టం 209వ సెక్షన్. 183, 184 కేసుల్లో అక్కడికక్కడే హెచ్చరించాలి, లేదా 14 రోజుల్లోపు నోటీసు అందించాలి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, లేదా 28 రోజుల్లోపు సమన్లు అందాలి. ఈ మూడింటిలో ఏదీ జరగకపోతే శిక్ష వేయకూడదు. చిరునామా కనుక్కోవడం సాధ్యం కాకపోయినా, నిందితుడి ప్రవర్తన వల్లే నోటీసు అందకపోయినా మినహాయింపు ఉంది. రికార్డులో తప్పు ఫోన్ నంబరు ఉండటం ఓనరు తప్పేనని ప్రాసిక్యూషన్ వాదించింది. రిజిస్ట్రేషన్‌లో చిరునామా సరిగ్గానే ఉంది, పోస్టు పంపలేదు అన్నది మా జవాబు.

రెండు సెక్షన్ల కిందా కేసు కొట్టేశారు. తీర్పు ప్రధానంగా గన్ ధ్రువపత్రం గడువు తీరడం, 65బీ సర్టిఫికెట్ లేకపోవడం, ఫ్రేములో రెండు వాహనాలు ఉండటం మీద నిలబడింది. 184కు వేగం తప్ప వేరే ఆధారం లేదన్నారు. 209 గురించి రెండు వాక్యాల్లో ప్రస్తావించి, మిగతా కారణాలు సరిపోతాయి కాబట్టి తేల్చాల్సిన పని లేదన్నారు. నాకు అన్నిటికంటే బలంగా కనిపించిన పాయింటు అదే. ఒక్క పాయింటునే నమ్ముకుని వెళ్లకూడదని ఈ కేసులో నాకు మరింత బాగా అర్థమైంది.

ఇలాంటి కేసు చేపట్టే ముందు

అన్ని చలానాల మీదా వాదించమని నేను ఎవరికీ చెప్పను. హెల్మెట్ లేకుండా ఫొటోలో స్పష్టంగా కనిపిస్తుంటే కట్టేయడమే న్యాయం. అతివేగం మనుషుల్ని చంపుతుంది. స్పీడ్ గన్‌లు ఉండాలి, సరిగ్గా పనిచేయాలి కూడా. కొలత తప్పు అనిపించినప్పుడు, లేదా తీర్పు వల్ల లైసెన్సు పోయే ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం డబ్బు కట్టే ముందు ఒకసారి ఆగాలి. కట్టేస్తే చలానా పరిష్కారమైనట్టే, ఆ తర్వాత రికార్డు భద్రపరచాల్సిన బాధ్యత కూడా వాళ్లకు ఉండదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. 65బీ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఉంది. దాని సర్టిఫికెట్‌లో రెండు భాగాలు, ఒకటి రికార్డు ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. పత్రాలు అడిగేటప్పుడు ఆ రెండు భాగాలనూ విడివిడిగా పేర్కొనండి. ఒక భాగమే ఇస్తే ఆ లోపం రికార్డులో కనిపిస్తుంది.

డ్రైవర్లకు ఒక మాట. ఓనరు మీ జీతంలో చలానా డబ్బు కోసుకుంటే, అది ఏ తేదీ చలానానో, ఏ సెక్షన్ కిందో, ఆ రోజు బండి నడిపింది మీరేనో కాదో రాసి పెట్టుకోండి. మీరు నడపకపోతే ఆ సంగతి ఓనరుకు అప్పుడే వాట్సాప్‌లో పంపండి. ఈ కేసులో పాత చలానా రోజు బండి వేరే డ్రైవరు చేతిలో ఉందని నా కక్షిదారు అంటాడు, కానీ చూపించడానికి ఏ కాగితమూ లేదు. కేసు గెలిచాం కాబట్టి దాని అవసరం రాలేదు. ఆ పాత చలానా మాత్రం ఇంకా రికార్డులోనే ఉంది, ఇంకోసారి స్పీడు కేసు పడితే ముందుకు వస్తుంది. ఏజెంటు నంబరు తీసేయించి రిజిస్ట్రేషన్‌లో ఓనరు సొంత నంబరు పెట్టించే పని తీర్పు వచ్చిన వారంలోనే చేయించాం.